సన్నోడు, బండోడు, ఇరవై రెండేళ్ల అనుభవం

టెస్టింగు మాస్టరు ఇంట్లో ఏ వస్తువైనా రెండు కొంటారు. ఒకటి వాడుకోవడానికి, ఒకటి విరగ్గొట్టడానికి. గొడుగులు రెండు, బకెట్లు రెండు, టార్చిలైట్లు రెండు, ఆఖరికి బాత్రూం తలుపు గొళ్ళెం కూడా రెండే. ముందు ఒకదాన్ని మాస్టరు వెనక వసారాలోకి తీసుకెళ్ళి, వంచి, నొక్కి, ఎక్కి తొక్కి, దాని ప్రాణం ఎక్కడ పోతుందో చూసి, ఆ అంకెను రిజిస్టర్లో రాస్తాడు. అంకె ఆయనకు నచ్చితేనే రెండోది ఇంట్లో వాడకానికి వస్తుంది. పిచ్చి అనుకోకండి, వృత్తి! కుర్చీల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లుగా ఆయన ఉద్యోగమే కుర్చీలు విరగ్గొట్టడం. వంద కుర్చీల్లోంచి ఒకదాన్ని లాగి, మిషను కింద పెట్టి, కాలు పుటుక్కుమనేదాకా దానిమీద ఇసుకమూటను కూర్చోబెడతాడు, లేపుతాడు, కూర్చోబెడతాడు. ఆ ఒక్కటీ పోతుంది, తొంభై తొమ్మిదీ లారీ ఎక్కుతాయి. ఫ్యాక్టరీలో అది పద్ధతి. ఇంటికి తెచ్చుకున్నందుకే వచ్చింది చిక్కంతా.

ఆయన భార్యను వీధంతా టైపిస్టమ్మ అంటుంది. ఒకప్పుడు ఒక లాయరుగారి దగ్గర నిమిషానికి ఎనభై మాటలు కొట్టేది. లాయరుగారు ప్రాక్టీసు మానేశాక పని పోయింది, పిలుపు మిగిలింది. తొమ్మిదేళ్లు! ఈ తొమ్మిదేళ్లలో ఆమె ఎక్కని గుమ్మం లేదు. ఇన్నాళ్లు ఖాళీగా ఎందుకున్నారని ప్రతివాడూ అడిగేవాడే. పని ఇవ్వకుండా ఖాళీగా ఎందుకున్నావని అడిగితే ఒళ్ళు మండదూ మరి! ఆఖరికి ఒక కంపెనీ సరేనంది. జనం ఫోన్లు చేసి తిట్టే తిట్లన్నీ విని, వాటిని తప్పుల్లేకుండా టైపు చేసిపెట్టాలి. ఇంట్లోంచే చేసుకోవచ్చు. వచ్చే సోమవారం పొద్దున తొమ్మిదింటికి పరీక్ష అని ఉత్తరం రాశారు. సొంత ల్యాప్‌టాప్ ఉండాలి, కెమెరాలో ఆమె తప్ప ఇంకో మనిషి కనపడకూడదు, తొమ్మిది దాటి ఒక్క నిమిషమైనా లైన్లోకి రాకపోతే ఆ చోటు జాబితాలో తర్వాతి పేరుకు పోతుంది. ఆ ఉత్తరాన్ని ఆమె నాలుగుసార్లు మనసులో చదువుకుని, ఐదోసారి వంటగదిలో నిలబడి పైకి చదువుకుంది. సంతోషం పట్టలేక కళ్ళు తుడుచుకుంది.

ఒక్కతీ వెళ్ళి ఒకటి కొనుక్కుని వచ్చేస్తే సరిపోయేది. కానీ కట్టుకున్నవాడు కదా, పైగా వస్తువుల సంగతి తెలిసినవాడు కదా అని మాస్టర్ని వెంట తీసుకెళ్ళింది. అక్కడే కాలు జారింది.

కొట్టులో రెండు ల్యాప్‌టాప్‌లు ఆమె కంటికి ఆనాయి. రెండింటి ధరా ఇంచుమించు ఒకటే. మొదటిది వెండిరంగు లోహపు ఒంటితో, పలకలా పల్చగా, కిలో బరువుకు కాస్త ఎక్కువగా ఉంది. దాని తెర ఎండలో కూడా కనిపిస్తుందట, బ్యాటరీ పదిగంటలు నిలుస్తుందట. కాకపోతే వైర్లు పెట్టుకునే రంధ్రాలు రెండే రెండు. రెండోది నల్లటి ప్లాస్టిక్కుతో దిట్టంగా, రెండు కిలోల పైచిలుకు ఉంది. ర్యామ్ రెట్టింపు, రంధ్రాలు ఐదు, అంకెల మీటలు విడిగా ఒక పక్కన, ఫ్యాను తిరిగితే వీధిలోకి వినపడేంత మోత. బ్యాటరీ నాలుగు గంటలు దాటదు. టైపిస్టమ్మ మొదటిదానికి సన్నోడు అనీ, రెండోదానికి బండోడు అనీ అక్కడే పేర్లు పెట్టేసింది.

మాస్టరు మాత్రం ల్యాప్‌టాప్‌ల వంక చూడలేదు. కొట్టాయన కూర్చున్న స్టూలు వంక చూశాడు. "ఒక్కసారి లేవండి" అని ఆయన్ని లేపి, స్టూలు తిరగేసి, అడుగున తన ముద్ర చూసుకుని మురిసిపోయాడు.

"ఓహో, ఇది పాస్ చేసింది మీరేనా!" అన్నాడు కొట్టాయన. "పన్నెండేళ్లుగా దీనిమీదే కూర్చుంటున్నానండీ, కిర్రుమనలేదు. మీలాంటి వాళ్ళకి నేను చెప్పేదేముంది? ఒకదానికి డబ్బు కట్టి రెండూ పట్టుకెళ్ళండి. వారం చూసి నచ్చనిది తెచ్చిచ్చేయండి. గీత పడకూడదు, అంతే."

"గీతలా? మేం గీతలు పెట్టే రకం కాదండీ" అన్నాడు మాస్టరు. ఆ మాట అక్షరాలా నిజం.

రెండు డబ్బాలు చంకల్లో పెట్టుకుని ఆయన మెట్లు దిగుతుంటే టైపిస్టమ్మకు భయం పట్టుకుంది. ఇంట్లోకి రెండు వస్తువులొస్తే ఏమవుతుందో ఆమెకు తెలీనిదా! బస్సులోనే చిలక్కి చెప్పినట్టు చెప్పింది.

"ఏవండీ, ఇది మన జత కాదు. రెండూ వేరు వేరు. ఒకటి తిరిగిచ్చేయాలి. ఇంకోదానితో సోమవారం నేను పరీక్ష రాయాలి. గుర్తుందిగా?"

"నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా? ఇది పోలిక. పోలిక వేరు, పరీక్ష వేరు" అన్నాడు మాస్టరు, ఎంతో హుందాగా.

ఆ సాయంత్రమే ఆమె రెండు మిషన్ల నంబర్లూ కంపెనీకి పంపింది. ఏది ఉంచుకుంటుందో ఇంకా తేలలేదు కాబట్టి రెండూ రాసింది. ఈ రెండింట్లో ఏదైనా సరే, మూడోదాన్నుంచి వస్తే మాత్రం లోపలికి రానివ్వమని వాళ్ళు జవాబిచ్చారు. సరే, మూడోదాని అవసరమేముంటుంది అనుకుంది.

మంగళవారం మధ్యాహ్నం ఆమె తన పోలిక తాను చేసుకుంది. పాత పేపరు ముందు పెట్టుకుని ఒక పేజీ సన్నోడి మీద కొట్టింది, అదే పేజీ బండోడి మీద కొట్టింది. సన్నోడి మీటలు బల్లను తడుతున్నట్టు గట్టిగా తగిలి, పేజీ చివరికొచ్చేసరికి వేళ్ళు నొప్పి పుట్టాయి. బండోడి మీటలు మాత్రం లోపలికి దిగి, టకటకమని లేచి, వేలిని మళ్ళీ పైకి పంపాయి. తొమ్మిదేళ్ల తుప్పు ఆ ఒక్క పేజీకే వదిలినట్టయింది. అందానికి సన్నోడే, కాదనలేదు ఆమె. దాన్ని చంకలో పెట్టుకుని అద్దం ముందు నిలబడి కూడా చూసుకుంది. అయినా అన్నం పెట్టేది వేళ్ళు గానీ అద్దం కాదు కదా. మొత్తం పోలిక పావుగంటలో తేలిపోయింది.

"ఏవండీ, బండోడినే ఉంచేద్దాం. సన్నోణ్ణి రేపే తిరిగిచ్చేయండి" అంది, మాస్టరు డ్యూటీ దిగి చెప్పులు విడవకముందే.

"పావుగంటలో తీర్పా?" అన్నాడాయన, ఎవరో పోయారని విన్నంత బాధగా. "ఒక స్టూలుకే నాకు మూడు రోజులు పడుతుంది."

"టైపు చేసేది నేనే కదండీ!"

"అదే వచ్చింది ఇబ్బంది. వాడేవాళ్ళ మాట పోలికలోకి రాదు. వాడేవాళ్ళకి ఇష్టాయిష్టాలుంటాయి."

బుధవారానికి ఫ్రిజ్జు తలుపు మీద పెద్ద అట్ట వెలిసింది. అడ్డంగా గళ్ళు, నిలువుగా గళ్ళు, పైన రెండు పేర్లు. ర్యామ్, బ్యాటరీ, తెర వెలుగు, రంధ్రాలు, రూపం, ధరకు తగ్గ విలువ, బలం. రంధ్రాల గడిలో బండోడికి ఐదు, సన్నోడికి రెండు మార్కులు పడ్డాయి, ఎన్ని రంధ్రాలకు అన్ని మార్కులు. ఈ లెక్కన జల్లెడకు వందకు వంద వస్తాయని టైపిస్టమ్మ అంటే, మాస్టరు అది ఆలోచించదగ్గ విషయమేనని అట్ట అంచున రాసుకున్నాడు.

ధరకు తగ్గ విలువను ఆయన తూకం పెట్టి తేల్చాడు. కుర్చీల లోకంలో సరుకు విలువ కిలోల్లోనే తెలుస్తుందట. వంటింటి త్రాసు మీద రెండూ ఎక్కించి, ధరను బరువుతో భాగించి, సన్నోడు కిలో ఒక్కింటికి బండోడికన్నా రెట్టింపు పడుతున్నాడని తేల్చి, "ఇది పగటి దోపిడీ!" అని ముక్కున వేలేసుకున్నాడు. తేలికగా ఉండటానికే ఆ డబ్బు తీసుకుంటారని ఆమె నెత్తీ నోరూ బాదుకుంది. లేని బరువుకు డబ్బెందుకివ్వాలని ఆయన ససేమిరా అన్నాడు.

తర్వాత అత్తగారు రంగంలోకి దిగింది. మాస్టరు తల్లి, మోకాళ్ళ నొప్పుల మనిషి. ఇది ఒళ్ళో పెట్టుకునే వస్తువని ఎవరో చెప్పగా విని, అయితే నా ఒళ్ళోనే పెట్టండి, నేను చెప్తానంది. చెరో గంటా పెట్టుకుని కూర్చుంది. సన్నోడు చల్లగా, చప్పుడు లేకుండా పడున్నాడు. బండోడు మాత్రం పదినిమిషాలకే గుర్రుమని ఫ్యాను తిప్పి, పక్కనుంచి వెచ్చటి గాలి వదిలాడు.

"అమ్మాయ్, ఈ నల్లవాడు బంగారం!" అంది అత్తగారు కళ్ళు మూసుకుని. "ఎడం మోకాలు పట్టు వదిలింది. దీన్ని నాకివ్వండి, ఆ తెల్లవాణ్ణి నువ్వు వాడుకో."

"అత్తయ్యా, నాకు ఉద్యోగానికి కావాలి."

"పగలు నువ్వు వాడుకోవే తల్లీ, సాయంత్రం కాసేపు నాకియ్యి. నేనేమన్నా టైపు చేస్తానా పెడతానా?"

గురువారం ప్యాకింగ్ బావగారు వచ్చారు. మాస్టరుకి సొంత అన్నగారు, అదే ఫ్యాక్టరీలో ప్యాకింగ్ విభాగం. భారీ మనిషి, సోఫాలో కూర్చుంటే సోఫాకి ఇంకెవరూ అక్కర్లేదు. ఆయన ల్యాప్‌టాప్‌లను తీసి పక్కనపెట్టి, అవి వచ్చిన అట్టడబ్బాలను ఒళ్ళోకి తీసుకున్నారు. సన్నోడి డబ్బా మూత ఎత్తి వదిలితే, అది ఉస్సుమంటూ గాలి వదులుకుంటూ తాపీగా దిగి కూర్చుంది. బావగారి కళ్ళు చెమర్చాయి.

"ఒరేయ్ తమ్ముడూ, చూశావట్రా ఎలా దిగుతోందో! ముప్ఫై ఏళ్లుగా నేను చేద్దామనుకున్న మూత ఇది." ఎత్తడం, వదలడం, ఎత్తడం, వదలడం. అరగంట అదే పని. "నా ఓటు తెల్లదానికే. ఇంత మంచి డబ్బాలో పెట్టారంటే లోపల సరుకు తక్కువదవుతుందా?"

దాంతో ఇల్లు రెండు పార్టీలయింది. బండోడి వైపు అత్తగారు, సన్నోడి వైపు బావగారు, మధ్యన న్యాయమూర్తిలా మాస్టరు. టైపిస్టమ్మది ఏ పార్టీ అని ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఆమె వాడేమనిషి. శుక్రవారం పొద్దున అత్తగారు బావగారికి కాఫీ ఇవ్వనంది. శనివారం మాస్టరు మార్కులన్నీ కూడితే సన్నోడికి అరవై ఒకటి, బండోడికి అరవై ఒకటి. సమం! అట్ట మీద ఒక్క గడే ఖాళీగా మిగిలింది. బలం.

"దాన్ని ఖాళీగానే వదిలేయండి. మీకు దణ్ణం పెడతాను" అంది టైపిస్టమ్మ.

"వదిలేస్తాలే. ఆదివారం ఊరికే పైపైన చూస్తాం. వేలితో నొక్కి."

ఆదివారం మధ్యాహ్నం ఆమె కొత్త కళ్ళద్దాలు తెచ్చుకోవడానికి వెళ్ళింది. పరీక్ష కోసమే చేయించుకుంది వాటిని. అద్దాల కొట్టు కిటకిటలాడుతోంది. రెండున్నర గంటలు పట్టింది. కొత్త అద్దాలు పెట్టుకుని వీధంతా తళతళలాడుతుంటే, మీటల మీద అక్షరాలన్నీ ఎలా కనిపిస్తాయో ఊహించుకుంటూ హుషారుగా ఇంటికొచ్చింది. మెట్లెక్కుతుంటే లోపలినుంచి బృందగానంలాగా వినిపించింది.

"నాలుగు వేల మూడొందల పదకొండు... పన్నెండు... పదమూడు..."

ఆమె కాళ్ళు మెట్టు మీదే ఆగిపోయాయి. ఆ లెక్కపెట్టే తీరు ఆమెకు బాగా తెలుసు. గొడుగుకు విన్నది, గొళ్ళేనికి విన్నది. ఒక్క ఉదుటున పైకెక్కి తలుపు తోసింది. భోజనాల బల్ల దగ్గర ముగ్గురూ నిలబడి ఉన్నారు. అత్తగారి రెండు చేతులూ బండోడి మూత మీద ఉన్నాయి. మూత ఎత్తింది, మూసింది, ఎత్తింది.

"పదహారు" అన్నారు ముగ్గురూ.

టక్.

మూత పట్టు తప్పి వెనక్కి వాలి బల్లకు తగిలింది, తెర నల్లబడింది. మాస్టరు తృప్తిగా తల పంకించి, రిజిస్టరు తీసి "బండోడు, నాలుగు వేల మూడొందల పదహారు" అని రాసి, తేదీ వేశాడు. అప్పటిగ్గానీ గుమ్మంలో భార్య నిలబడి ఉందని చూడలేదు.

"సోఫా మీద ఆ గుడ్డ కింద ఏముంది?" అంది టైపిస్టమ్మ.

బావగారు కిటికీలోంచి వీధి చూడటం మొదలుపెట్టారు. అత్తగారే నోరు విప్పింది.

"పెద్దాడు కూర్చున్నాడమ్మా."

"దేనిమీద?"

"తెల్లవాడి మీద."

"ల్యాప్‌టాప్ మీద ఎవరన్నా కూర్చుంటారా!"

"మనుషులు దేనిమీదైనా కూర్చుంటారు" అన్నాడు మాస్టరు. "ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాను. కూర్చునే పరీక్ష లేకుండా బలం ఎలా తేలుతుంది? ముందు బండోడి మీద కూర్చోబెట్టాను, చెక్కుచెదరలేదు. తర్వాత సన్నోడు. అన్నయ్య ఇంకా పూర్తిగా ఆనకముందే..." అని చేత్తో ఏదో చూపించాడు. "కాబట్టి బండోడు గెలిచాడు. నువ్వు చెప్పిందే కరెక్టు!"

"గెలిచాడు కదా! మరి గెలిచినవాణ్ణి ఎందుకు విరగ్గొట్టారు?"

"రిజిస్టర్లో గెలిచాడని రాయరే. ఎంత దాకా నిలిచాడో అంకె రాయాలి" అన్నాడు. ఇంకా ఏదో అనబోయి, బల్ల మీదున్న బండోణ్ణి చూశాడు, సోఫా మీది గుడ్డను చూశాడు, వేలు పెట్టి ఒకటీ రెండూ అని లెక్కపెట్టాడు. మూడు అనడానికి నోరు తెరిచి, వేలు గాల్లోనే ఆపేశాడు. అప్పుడు తెలిసొచ్చింది మహానుభావుడికి.

టైపిస్టమ్మ అరవలేదు. అరిచుంటే బాగుండేది. కొత్త కళ్ళద్దాలు తీసి డబ్బాలో పెట్టింది.

"తొమ్మిదేళ్ల తర్వాత నన్నొకరు పనికి రమ్మన్నారండీ. మీకు కుర్చీలున్నాయి, బావగారికి డబ్బాలున్నాయి. నాకేముంది? పొద్దున తొమ్మిదింటికి ఒక చోటుంది, అంతే. దాన్ని కూడా లెక్కపెట్టి మరీ విరగ్గొట్టారు." అనేసి ఏడ్చింది. వెక్కివెక్కి ఏడ్చింది. అత్తగారు దగ్గరకొచ్చి వీపు నిమిరింది. బావగారు చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా వెళ్ళిపోయారు.

ల్యాప్‌టాప్ కొట్టు ఆదివారం సాయంత్రం మూసేస్తారు. సోమవారం తెరిచేది పదింటికి. తెరిచినా లాభం లేదు, కంపెనీ దగ్గరున్నవి ఈ రెండు నంబర్లే. మాస్టరు గుడ్డ కింది సన్నోణ్ణి ఒకసారి చూసి మళ్ళీ కప్పేశాడు. బండోడి ముందు కూర్చుని మూతను అటూ ఇటూ వంచాడు. ఒకానొక వాలులో తెర గభాలున వెలిగింది. వెంట్రుకవాసి జరిపితే ఆరిపోయింది. మళ్ళీ పట్టాడు, వెలిగింది. గంటసేపు అలా ఆ వాలు ఎక్కడుందో వేళ్ళకు నేర్పించుకున్నాడు.

"ఇదిగో, పట్టుకుంటే పనిచేస్తోంది" అన్నాడు లోగొంతుకతో.

"ఎంతసేపు పట్టుకుంటారు?"

"ఎంతసేపు కావాలంటే అంతసేపు."

ఆమె వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది.

సోమవారం ఎనిమిదిన్నరకే మాస్టరు ఫ్యాక్టరీకి ఫోన్ చేసి సెలవు పెట్టాడు. కారణం అడిగితే ఇంట్లో టెస్టింగు పనుందన్నాడు. బల్లకు అవతలి పక్క, మూత వెనకాల నిలబడ్డాడు. కెమెరా ఉండేది తెర పైనే కాబట్టి, అది ఆమెనే చూస్తుంది గానీ వెనకున్న మనిషిని చూడదు. వేళ్ళు అంచు దాటి ముందుకు రాకుండా వెనకనుంచే అరచేతులతో మూతను ఆనించి పట్టుకున్నాడు. అది కాస్త వంగి నిలబడితేనే కుదిరే ఎత్తు, అటు కూర్చోనూ లేడు, ఇటు నిటారుగా నిలవనూ లేడు. తెర వెలిగింది. టైపిస్టమ్మ ఛార్జరు వైరు తగిలించి, కొత్త అద్దాలు పెట్టుకుంది. తొమ్మిదింటికి ఇంకా రెండు నిమిషాలుండగా లైన్లో ఉంది.

తెరలో ఒక సూపర్‌వైజరమ్మ కనిపించి, నమస్కారం పెట్టి, రికార్డింగు వదిలింది. ఎవడో మహారాజు, కొత్త వాషింగ్ మిషను చొక్కా గుండీలు మింగేస్తోందని పదకొండు నిమిషాలు ఏకధాటిగా దంచాడు. టైపిస్టమ్మ వేళ్ళు కదిలాయి. మొదటి రెండు వరుసల్లో భయంతో తడబడ్డా, మూడో వరుసకు మీటలు ఆమె మాట వినడం మొదలెట్టాయి. టకటకటక! వాడు తిడుతూనే ఉన్నాడు, ఆమె కొడుతూనే ఉంది. గుండీల లెక్క, వాళ్ళ మేనేజరుకు పెట్టిన శాపనార్థాలు, మధ్యలో దగ్గు, ఏదీ వదల్లేదు.

"మీ తెర కొంచెం వణుకుతోందండీ" అంది సూపర్‌వైజరమ్మ ఒకసారి.

"ఫ్యాను గాలికండీ" అంది టైపిస్టమ్మ. వణుకు ఆగిపోయింది.

పదింటికి ఫలితం చెప్పారు. నిమిషానికి ఎనభై నాలుగు మాటలు, తప్పులు రెండు.

"చోటు మీదేనండీ" అంది సూపర్‌వైజరమ్మ. "ఒక చిన్న సాయం. ఇవాళ రావలసిన ఒకావిడ రాలేదు. ఏమనుకోకపోతే ఇప్పట్నుంచే మొదలుపెట్టి ఐదింటిదాకా కూర్చోగలరా?"

టైపిస్టమ్మ మూత పైనుంచి తలెత్తి చూసింది. మాస్టరు నుదుటి మీద చెమట కనిపించింది, కిందికొస్తే కళ్ళు. ఆ కళ్ళు గట్టిగా ఒకసారి మూసుకుని తెరుచుకున్నాయి. ఊఁ అను, అన్నట్టు.

"కూర్చుంటానండీ" అంది.

పదిన్నరకు అత్తగారు కొడుకు అవస్థ చూడలేక వంటగదిలోకి వెళ్ళి, పిండి డబ్బా పట్టుకుని పిల్లిలా అడుగులేస్తూ కొడుకు వెనక్కి వచ్చింది. మూత ఎత్తూ డబ్బా ఎత్తూ కంటితోనే కొలుచుకుంది. దాని వెనక ఇది పెడితే చాలు, మూత దానంతట అదే నిలబడుతుంది. మాస్టరుకి వెనకేం జరుగుతోందో తెలీదు, ఆయన దృష్టంతా వేళ్ళలోనే ఉంది. అత్తగారు కోడలి వైపు చూసి, డబ్బా చూపించి, కనుబొమలెగరేసింది.

టైపిస్టమ్మ టైపు చేయడం ఆపకుండానే తల అడ్డంగా ఊపింది. కొంచెమే ఊపింది, కానీ ఊపింది.

అత్తగారు కోడలి మొహం చూసింది, సోఫా మీది గుడ్డ చూసింది. తర్వాత డబ్బా చంకలో పెట్టుకుని, వచ్చినంత చప్పుడు లేకుండానే వంటగదిలోకి వెళ్ళిపోయింది.

పదకొండింటికి మాస్టరు ఎడమ మోచెయ్యి బల్లకు ఆన్చాడు. పన్నెండింటికి కుడికాలి మీది బరువు ఎడమకాలి మీద వేశాడు. ఒంటిగంటకు అరగంట భోజన విరామం. మూత వదిలితే మళ్ళీ వెలుగుతుందో లేదోనని ఆయన వదల్లేదు. అత్తగారు చెంచాతో కొడుక్కి అన్నం పెట్టింది. టైపిస్టమ్మ మైకు ఆపి, ఎదురుగా కూర్చుని తన కంచంలో తింటోంది. ఇద్దరి మధ్యా వెలుగుతున్న తెర.

"నాదే తప్పు" అన్నాడు మాస్టరు ముద్ద మింగి. "ఇంట్లో రెండున్నాయనే చూశాను గానీ, రెండోది దేనికుందో చూడలేదు. ఫ్యాక్టరీలో ఒకటి విరిగితే వెనకాల తొంభై తొమ్మిది ఉంటాయి. ఆ అలవాటు."

"ఇక్కడ వెనకాల ఉన్నది నేనొక్కదాన్నేనండీ" అంది టైపిస్టమ్మ.

ఆయన కళ్ళు దించుకుని ఇంకో చెంచాకు నోరు తెరిచాడు. ఆమెకు జాలేసింది. అబద్ధమెందుకు, గుండె నీరయింది. ఇరవై ఏళ్ల కాపురంలో ఆయన ఏ వస్తువునూ విరక్కుండా ఇంతసేపు పట్టుకోవడం ఆమె చూడలేదు. నాలుక చివరిదాకా వచ్చింది డబ్బా మాట. మంచినీళ్ళు తాగి, మైకు పెట్టుకుని, మళ్ళీ టైపు మొదలుపెట్టింది. మీరైతే చెప్పేసేవారేమో, నాకు తెలీదు.

రెండింటికొకడు ఫ్రిజ్జును తిట్టాడు. మూడింటికొకావిడ పరుపును తిట్టింది, ఆమె మొగుడు వెనకనుంచి అందించాడు. నాలుగింటికి మాస్టరు మోకాళ్ళు వణకడం మొదలెట్టినా మూత మాత్రం కదల్లేదు. ఐదింటికి సూపర్‌వైజరమ్మ "రేపు ఇదే టైముకి రండి" అని మాయమైంది. కెమెరా పక్కన దీపం ఆరింది.

టైపిస్టమ్మ వేళ్ళు విరుచుకుని, కుర్చీ వెనక్కి జరిపి, వంటగదివైపు తిరిగింది.

"అత్తయ్యా, ఇక ఆ డబ్బా తీసుకురండి."

అత్తగారు పిండి డబ్బా తెచ్చి మూత వెనకాల పెట్టింది. మాస్టరు నమ్మలేక వేళ్ళు ఒక్కొక్కటే తీశాడు. మూత నిలబడింది. తెర వెలుగుతూనే ఉంది. ఆయన వంగిపోయిన నడుము అలాగే ఉండగా డబ్బాను చూశాడు, తల్లిని చూశాడు, చివరికి భార్యను చూశాడు.

"ఇది నీకెప్పుడు తట్టింది?" అన్నాడు.

"తొమ్మిదీ పదికి" అంది టైపిస్టమ్మ.